నడివీధి యంగడి – దాని కట్టడము, దాని ధర్మము



మన వార్షిక మహాసభ సందర్భమున వెలువడు నీ సంచికకు మన పూర్వుల చరిత్రమును గూర్చి యేదైన వ్రాసి యిమ్మని కార్యనిర్వాహకులు నన్ను గోరిరి. పూర్వుల చరిత్రమన్నంతనే గోత్రములును, ప్రవరలును, సత్రములును, దానధర్మములును జ్ఞప్తికి వచ్చుట సహజము. వానిని గూర్చి వ్రాయ సమర్థులైన పెద్దలు మనలో పెక్కురు కలరు. నేనో, చిరకాలము పిల్లలకు సంస్కృతాంధ్రములు చెప్పి విశ్రాంతి గైకొన్న బడిపంతులను. నాకు తోచిన విషయము వేఱు. మన తాతముత్తాతలు తెల్లవాఱినది మొదలు దీపాలవేళ దాటువఱకు కూర్చుండి, కుటుంబమును బోషించి, బిడ్డలను జదివించి, ఊరికి గుడియు బడియు నెత్తుటకు విత్తము గూర్చిన స్థలమేది? అది యంగడి. ఆలయమునకు స్థలపురాణము కలదు. కోటకు కైఫీయతు కలదు. రాజుగారి మేడకు చిత్రపటములు కలవు. అంగడికి మాత్రము చరిత్ర వ్రాసినవారు మిక్కిలి తక్కువ. అందలి సరుకును గూర్చి లెక్కలు వ్రాసితిమి. బాకీలను గూర్చి లెక్కలు వ్రాసితిమి. ఆ కట్టడమును గూర్చి యొక్క పుటయైన వ్రాసికొనలేదు. ఆ లోపమును కొంతవఱకు దీర్చుటకే నా యీ ప్రయత్నము. ఇందు నా తప్పు నొకదానిని గూడ నొప్పుకొనవలసియున్నది. దానిని యథాస్థానమున విన్నవించెదను.

రావికమతపు టంగడి

రావికమతము భీమునిపట్టణము నుండి నర్సీపట్నమునకు బోవు బాటపై నున్న యూరు. 2022 ఏప్రిల్ వఱకు విశాఖపట్టణము జిల్లాలో నుండి, నాటినుండి యనకాపల్లి జిల్లాలో జేరినది. ఒకవైపు వరియు జెఱకును బండు నేలలు. మఱియొకవైపు మన్యపు గొండలు. ఇట్టి చోట నంగడికి రెండు విధముల పని కలదు. కొండనుండి దిగివచ్చు చింతపండు, కరకకాయ, కుంకుడుకాయ, అడ్డాకులు మొదలైనవానిని గొనుట యొకటి. పల్లమునుండి వచ్చు ఉప్పు, నూనె, బట్ట, పప్పుదినుసులు మొదలైనవానిని అమ్ముట రెండవది. కొండకును బల్లమునకును నడుమ నంగడి యొక గడపవంటిది.

మా పితామహుని యంగడి నడివీధిలో నుండెను. వీధి ముఖమున వెడల్పు స్వల్పము. లోనికి బోయినకొలది లోతు మెండు. నడివీధిలో ముఖస్థలము ప్రియమైనది గావున, ఒక్కొక్క వర్తకునకు గొద్దిపాటి ముఖమే దొరకెడిది. ఉన్న సరుకునంతయు వెనుకకు సర్దుకొనవలసి వచ్చెడిది. ముందర మోకాలికి మించిన యెత్తున నరుగు. దానిపై చూరు ముందునకు వంగి కఱ్ఱ స్తంభములపై నిలిచెడిది. అరుగు వెనుక నంగడి గది. దానికి తలుపులు లేవు, పలకలు కలవు. గడపలో నొక గాడి, పైదూలములో నొక గాడి తొలిచి, పలకల నొక్కొక్కటిగ నందు జొప్పించి, కడపటి పలక బిగిసిన పిదప నినుపకమ్మి యడ్డముగ వేసి తాళము పెట్టువారు. వరుస తప్పిన పలకలు పట్టవు గావున వానిపై నంకెలు వ్రాసియుండెడివి. ఉదయము పలకలు తీయుటయు, రాత్రి వేయుటయు బిల్లలమైన మా పని. నాకు అంకెలు నేర్పినది బడి గాదు, ఆ పలకలే.

పలకల వెనుక గద్దె, గద్దెప్రక్క గల్లాపెట్టె, ఎదుట దూలమునుండి వ్రేలాడు తక్కెడ. కుడిగోడలో దీపపు గూడు. మునివ్రేళ్ల మసిచే నది నల్లబడియుండెడిది. అంగడి గది దాటిన సరుకుకొట్టు, దానిపై నటక, అది దాటిన నిల్లు, ఆ వెనుక పెరడు, పెరటిలో నుయ్యి. అంగడికిని ఇంటికిని నడుమ నొక్క తలుపే. పితామహుడు భోజనమునకు లేచిన క్షణమున పితామహి యా తలుపుకడ నిలిచి బేరము నడపెడిది. మగవారి పేర నడచిన వ్యాపారములలో నాడువారి పాలెంతయో తెలియగోరువా రా నడిమి తలుపును జూచిన జాలును.

ఒక శ్రావణమాసపు సాయంకాలము పెద్దవాన కురియుచుండగా, కొండనుండి సరుకు దెచ్చినవారు పదిమంది మా యరుగుపై నిలిచిరి. వారి తడిగంపలనుండి నీరు గాఱి గద్దెదాక వచ్చినది. వారిని లోపలి పంచకు బొమ్మందునా యని నేనడిగితిని. పితామహుడు నవ్వి, "అరుగు మనది గాదురా నాయనా, దారినిబోయేవాళ్లది. మనం దానిమీద కూర్చుంటున్నాం, అంతే" అనెను. ఆ మాట నాకప్పు డర్థము గాలేదు. అర్థమగుటకు నలువదియేండ్లు పట్టినది.

పేరులో నున్న ధర్మము

సంస్కృతము చదివినవాడను గావున పదములవంక జూచుట నా స్వభావము. అమరసింహుడు తన కోశమున నంగడికి జెప్పిన పర్యాయపదములలో 'ఆపణము' ఒకటి, 'నిషద్య' యొకటి. 'పణ' ధాతువునకు వ్యవహరించుట, బేరమాడుట యని యర్థము గావున ఆపణము బేరము జరుగు చోటు. ఇది యెల్లరు నెఱిగినదే. 'నిషద్య' యన నేమి? కూర్చుండు చోటు. అంగడికి గూర్చుండు చోటని పేరు పెట్టిన పూర్వుల బుద్ధి నాలోచింపుడు. వర్తకుడు సరుకు నెత్తికెత్తుకొని యూరూరు దిరుగువఱకు నతని నెవ్వరు నమ్ముదురు? నేడమ్మినవాడు రేపు కానరాకున్న నేమి చేయుదురు? ఒకచోట గూర్చుండినవాడు నమ్మదగినవాడు. నిన్న గొన్న పప్పులో ఱాళ్లున్నచో నేడు వచ్చి యడుగుటకు వాడక్కడనే యుండును. కావున నంగడి కట్టడమునకు మూలము గోడ గాదు, కప్పు గాదు, వర్తకుని యాసనము. తక్కినదంతయు నా యాసనమునకు నీడ.

ఆ వెంటనే అమరసింహుడు 'విపణి', 'పణ్యవీథిక' యని యంగళ్ల వీథికి బేరులు చెప్పెను. అంగడి యొంటరిగ నుండునది గాదు, వీథితో గూడి యుండునది యని దీనివలన దేలుచున్నది. మన తెలుగు 'అంగడి' ద్రావిడభాషల పదము. తమిళుల ప్రాచీన కావ్యములందు పగటి యంగడికి 'నాళంగాడి' యనియు, రాత్రి యంగడికి 'అల్లంగాడి' యనియు వేర్వేఱు పేరులు కలవు. మైసూరున దొరకిన ప్రతినుండి శామశాస్త్రిగారు 1909లో బ్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమున నగరములో నేయే పణ్యమువా రే దిక్కున నుండవలెనో చెప్పబడియున్నది. తూనికలు గొలతలు విచారించు నధ్యక్షుడు వేఱుగ గలడు. ఇరుగుపొరుగు గృహముల నడుమ విడువవలసిన యెడము, నీరు పోవు కాలువ, వీనివిషయమున జేయు తప్పులకు దండనము గూడ నందు విధింపబడినది. అంగడిగోడ నా గోడయే యైనను, దాని చూరునీరు పొరుగువానిది గూడ నను న్యాయము మనదేశమున నతిప్రాచీనము.

ఇంతకును జెప్పవచ్చిన దేమనగా, మన యంగడి యరుగు నిషద్యకును వీథికిని నడుమనున్న సంధి. అది వర్తకున కాసనము, బాటసారికి నీడ. రెండు ధర్మముల నొక్కచోట గలిపిన కట్టడమది. పితామహుని మాటకు వ్యాఖ్యాన మిదియే.

కట్టడపు మర్మము

పామరులైన మేస్త్రులు కట్టినవి గదా, ఇందు శాస్త్రమేమున్నదని కొందఱనవచ్చును. నిదానించి చూచిన బ్రతి యంగమునకును గారణము కనబడును.

మొదట నరుగు నెత్తు. దానిపై బాసిపట్టు వేసికొని కూర్చుండిన వర్తకుని కన్నులును, వీధిలో నిలుచున్న కొనుగోలుదారుని కన్నులును ఇంచుమించు సమముగ వచ్చును. ఒకడు పైనుండి చూచుట లేదు, ఒకడు తలయెత్తి వేడుట లేదు. తక్కెడముల్లు ఇరువురి కన్నులకు నడుమ నాడును. మోసమునకు జోటు తక్కువ. మఱియు బండినుండి దించిన బస్తాను నేలకు వంగకయే యరుగుపై వాల్పవచ్చును. వానకాలమున వీధినీరు లోనికి రాదు. నేలచెమ్మ బస్తాలకు దాకదు.

రెండవది చూరు. నడివేసవిలో సూర్యుడు నడినెత్తికి వచ్చును గావున వ్రాలిన చూరు ఎండను లోనికి రానీయదు. శీతకాలమున సూర్యుడు దక్షిణమునకు వంగి నడచును గావున, దక్షిణముఖమైన యంగడిలో లేతయెండ యరుగుదాక వచ్చును. వాననీరు గోడమొదట బడక దూరముగ బడును. గోడకు గొడుగు పట్టినట్లుండును.

మూడవది లోతు. ముఖము సన్నమై లోతు మెండైన యింట గాలి యాడుటకు ముందు పలకలు, వెనుక పెరడు రెండును దెఱచియుండవలెను. పెంకుల సందులగుండ వేడిగాలి పైకి బోవును. దాని స్థానమున పెరటివైపునుండి చల్లగాలి వచ్చును. పెరటిచెట్టు గొట్టిన నంగడి వేడెక్కునని మా పితామహుడెఱుగును. కారణము శాస్త్రభాషలో జెప్పలేకపోయినను, చెట్టును మాత్రము గొట్టనీయలేదు.

నాలుగవది సున్నము. కాల్చిన సున్నమును నీటిలో జల్లార్చి, ఇసుకతో గూడ గానుగలో బోసి, ఎడ్లచే ద్రిప్పి నలిపెడివారు. మెత్తగ నలిగిన యా గానుగసున్నములో బెల్లపునీరును, కరకకాయలు నానిన నీరును గలిపిన బట్టు హెచ్చునని మేస్త్రులు చెప్పుదురు. ఇట గమనింపుడు: బెల్లము మన పొలములది, అనకాపల్లి బెల్లమునకు దేశమంతట బ్రసిద్ధి కలదు, కరకకాయ మన కొండలది. అనగా మన యంగడిగోడలో మన పల్లమును మన కొండయు గలసి నిలిచినవి. అంగడిలో నమ్మిన సరుకే యంగడిగోడలోను గలదు.

ఐదవది కప్పు. ఆదిని తాటాకు, పిమ్మట కుమ్మరి పెంకు. 1865లో మంగళూరున బాసెల్ మిషనువారు, ప్లెబ్స్‌టు దొర పూనికచే, యంత్రమున నొత్తిన చదునుపెంకుల కార్ఖానా బెట్టిరి. ఒకదాని నొకటి పట్టుకొని నిలుచు నీ పెంకులు క్రమముగ దక్షిణదేశమంతట వ్యాపించెను. విజయవాడనుండి కటకము వఱకు తీరమువెంట రైలుమార్గము 1893 మొదలు 1896 లోపల దెఱవబడెను. అనకాపల్లి యీ మార్గముననే యున్నది. ఇక రంగూను టేకు సంగతి: విశాఖ, శ్రీకాకుళ ప్రాంతములవారు కూలికిని వర్తకమునకును బర్మాకు బోయి వచ్చిన కాలమది. ఆ టేకు ఓడలపై మన తీరమునకు దిగి దూలములును, ద్వారబంధములును అయ్యెను. కావున నొక్క చిన్న యంగడిని జూచి, సముద్రము, రైలు, కొండ, పొలము, నాలుగింటి చరిత్రమును జదువవచ్చును.

నేను చేసిన తప్పు

ఇక నా యపరాధము. సుమారు ముప్పది యేండ్ల క్రిందట మా యన్నదమ్ములము మా పితామహుని యంగడిని 'బాగుచేయించితిమి'. తారు వేసినప్పుడెల్ల బాట యెత్తు పెరిగి, మోకాలు దాటిన యరుగు జేనెడైనది. అది పనికిమాలినదని దానిని ద్రవ్వించితిమి. పలకలు తీసి యినుప షట్టరు పెట్టించితిమి. సున్నపుగోడకు సిమెంటు పూయించి రంగు వేయించితిమి. పెంకు దీసి రేకులు వేయించితిమి. పనులన్నిటికిని ముందుండి నడపినది చదువుకొన్నవాడనని నేనే. ఆ యంకెల పలకలను వంటచెఱకుగ నిచ్చివేసినదియు నేనే.

మూడు వానలు గడచునప్పటికి నడుమెత్తు వఱకు సిమెంటు ఉబ్బి పెచ్చులుగ నూడెను. తెల్లని యుప్పు పూత గోడపై దేలెను. క్రొత్తపూత వేయించితిని, అదియు నూడెను. తుద కొక వృద్ధ మేస్త్రి వచ్చి గోడపై జేయి పెట్టి, "బాబూ, ఊపిరి పీల్చే గోడకి సిమెంటు చొక్కా తొడిగారు. చెమట యెటుపోద్ది?" అనెను. నాటికి గాని నాకు దెలియలేదు. సున్నపుగోడ నేలచెమ్మను బీల్చి గాలికి విడుచును. సిమెంటుపూత దానిని బయటికి బోనీయదు. లోన నిలిచిన చెమ్మ యుప్పును బైకి దెచ్చి పూతను బగులగొట్టును. ముప్పదియైదేండ్లు పిల్లల తప్పులు దిద్దినవాడను, నా తప్పు దిద్దుట కొక మేస్త్రి రావలసివచ్చెను.

గోడ పోయిన బోనిమ్ము. అరుగుతో బాటు పోయినది మఱియొకటి కలదు. కొండనుండి వచ్చినవారు కూర్చుండుట మానిరి. సంచి దించి సేదదీఱు ముసలమ్మలు ప్రక్కదారి బట్టిరి. షట్టరు ముందు నిలిచి కొని, డబ్బిచ్చి పోవువారే గాని, కూర్చుండి మాటలాడువారు లేరు. రేకులక్రింది వేడికి మా తమ్ముడు మధ్యాహ్నము షట్టరు దించి యింట బరుండెను. బేరము తగ్గెను. నిషద్య పోయిన పిదప నాపణము మిగులునా?

హంపి చెప్పు పాఠము

ఇది మా చిన్న యూరి కథ. ఇదే ప్రశ్న రాజధానుల కంగళ్లకును వచ్చినది. విశ్రాంతి గైకొన్న పిదప యాత్రార్థము పోయి నేను జూచిన రెండు చోట్లను జెప్పెదను. ఒకట రాళ్లు నిలిచి యంగడి పోయినది. వేఱొకట రాళ్లును యంగడియు రెండును నిలిచినవి.

మొదటిది హంపి. విరూపాక్షుని గోపురము మొదలు తూర్పునకు ఇంచుమించు ముప్పాతిక కిలోమీటరు సాగిన వీథికి రెండు ప్రక్కల ఱాతిస్తంభముల మంటపములు బారులు తీరియున్నవి. కొన్నింటికి మేడలు గూడ గలవు. ముందు నీడ, వెనుక గది, నడుమ స్తంభముల వరుస. చూచినంతనే మన యరుగంగడి ఱాతిరూపము దాల్చినట్లు తోచును. కృష్ణదేవరాయల కాలమున, 1520 ప్రాంతమున, ఆ నగరమును జూచిన పోర్చుగీసువాడు డొమింగో పేసు, వీథులలో రత్నములు, ముత్తెములు, వస్త్రములు నమ్ము వర్తకులను గూర్చియు, సాయంకాలమున జరుగు సంతను గూర్చియు వ్రాసినాడు. 1565లో రాక్షసి తంగడి యుద్ధమైన పిదప నగరము పాడుపడెను. మంటపములు మాత్రము నిలిచెను.

అటుపిమ్మట గాలక్రమమున బీదసాదలు, చిల్లరవర్తకులు ఆ మంటపములలో జేరి, స్తంభముల నడుమ గోడలు పెట్టుకొని, కాపురములును, దుకాణములును నడపిరి. 1986లో హంపి ప్రపంచ వారసత్వస్థలముగ బ్రకటింపబడెను. 2011 జూలైలో విరూపాక్షవీథి మంటపములలోని వారిని దొలగించిరి. ప్రాచీన కట్టడమునకు హాని కలుగుచున్నదను పక్షమొకటి. తరతరముల బ్రతుకుదెరువు పోయినదను పక్షమొకటి. ఏ పక్షమును దూషించుట నా యుద్దేశము గాదు. నేను జూచిననాడు స్తంభములు శుభ్రముగ నున్నవి, వీథి విశాలముగ నున్నది. కాని యా నీడలో గూర్చుండి యమ్మువాడొక్కడును లేడు. పణ్యవీథికలో పణ్యము లేదు. అంగడి శరీరము దక్కినది, ప్రాణము దక్కలేదు.

హైదరాబాదు చెప్పు పాఠము

రెండవది హైదరాబాదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచివేసెను. ఆ యుపద్రవము పిమ్మట నగరమును దిద్ది కట్టుటకు, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనమున, 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడెను. ఆ మండలివారి పనులలో నొకటి పత్తర్‌గట్టి. చార్మినారునుండి మూసీవైపు బోవు రాజవీథిని వెడల్పు చేయవలసివచ్చినపు డచటి యంగళ్లను గొట్టివేసి చేతులు దులుపుకొనలేదు. వీథికిరువైపుల నల్లసేనపు ఱాతితో వరుసగ గమానులు గట్టి, వాని వెనుక దుకాణములు నిలిపిరి. పత్తర్‌గట్టి యను పేరే ఱాతికట్టడ మని చెప్పుచున్నది. కమానుల క్రింద బాదచారి యెండ తగులక నడువవచ్చును. వీథి వెడల్పైనది, నీడ పోలేదు. మన యూళ్లలో బాట వెడల్పుచేయునపు డందఱికంటె ముందు పోవున దరుగే యని తలంచినచో, ఆనాటివారి వివేకము దెలియును.

ఆ మండలివారి మఱియొక నిర్మాణము 1935 నాటి మొజంజాహి మార్కెట్టు. నిజాము రెండవ కుమారుడు మొజంజా పేర వెలసినది. వీథులు గలియు కూడలిలో, కూడలి యాకారమునకు దగినట్లు, రెండు బాహువులు సాచిన తీరున నిలిచి, కొనయందు గడియారపు గోపురముతో నొప్పునది. అంతయు ఱాతిపని. వెలుపలి వీథివైపు కమానుల నీడ, లోపల విశాలమైన ముంగిలి. చలువ పండ్లకు, పూలకు, తమలపాకులకు, అత్తరులకు నది నిలయమయ్యెను. పిదప పండ్ల టోకువర్తకము కొత్తపేటకు దరలిపోయెను. మిగిలిన దుకాణముల ముందర రేకుల పందిళ్లు లేచెను; నామఫలకములు కమానులను గప్పివేసెను; కప్పు కాఱెను; గడియారము నిలిచిపోయెను. ఇక పడిపోవుటయే తరువాయి యనిపించెను.

2018లో దాని యుద్ధరణ మారంభమయ్యెను. రేకులు, అదనపు గోడలు, ఱాతిపై బడిన రంగులు దొలగించిరి, కప్పు మరమ్మతు చేసిరి, గడియారమును నడపిరి. 2020 ఆగస్టు 14న మఱల దెఱచిరి. నేను పోయినప్పుడు సాయంకాలము. కమాను క్రింద నొక వృద్ధుడు మనుమనితో గూర్చుండి ఐస్‌క్రీము తినుచున్నాడు. ఎదుట నత్తరుల సువాసన. పైన గడియారము గంట కొట్టినది. ఎనుబదియేండ్లు దాటిన యంగడి కట్టడము మఱల నంగడిగనే బ్రతికినది. నేను మా యూరి యరుగును దలంచి కొంతసేపు తలవంచుకొని కూర్చుంటిని.

ఈ రెండింటివలన నేను గ్రహించిన దొక్కటే. గుడిని బూజ నిలుపును. అంగడిని బేరము నిలుపును. బేరము లేని యంగడి శిథిలము. అరుగు లేని యంగడి పెట్టె. రెండును గలసిననాడే యది నిషద్య, ఆపణము, పణ్యవీథిక.

మన కర్తవ్యము

సంఘబంధువులారా! మీలో పెక్కుర కీనాటికిని తాతలనాటి యంగళ్లు గలవు. కొందఱు వానిని గూల్చి మూడంతస్తుల కాంప్లెక్సులు గట్టదలచియున్నారు. కుటుంబములు పెరిగినవి, అద్దె కావలెను, వద్దనుటకు నాకు హక్కు లేదు. నేనే యట్లు చేసినవాడను. ఐనను గడ్డపాఱ యెత్తుటకు ముందు నాలుగు మాటలు వినుడు.

మొదటిది: కూల్చుటకు ముందు కొలువుడు. టేపు బట్టుకొని ముఖము, లోతు, అరుగెత్తు, దూలముల కొలతలు గాగితముపై వ్రాయించి, ఛాయాచిత్రములు దీయించుడు. బడిపిల్లలు గూడ నొక్కపూటలో జేయగల పని యిది. మన సంఘమువారట్టి పటముల నొక్కచోట భద్రపఱచిన, పదేండ్లలో మన ప్రాంతపు టంగళ్ల చరిత్రము తానే సిద్ధమగును.

రెండవది: గోడ గట్టిగ నున్న సున్నపుగోడకు సున్నమే పూయింపుడు. సిమెంటు చొక్కా తొడుగకుడు. కప్పు కాఱిన బెంకు నేయింపుడు; తొందరపడి రేకు వేయకుడు. గానుగసున్నపు పని దెలిసిన మేస్త్రులు వృద్ధులగుచున్నారు. వారికి బని చూపినగాని వారి చేతివిద్య పిల్లలకు రాదు. పత్రికలలో వ్యాసములు వ్రాసిన నా విద్య బ్రతుకదు.

మూడవది: క్రొత్తది కట్టక తప్పదన్నచో, వీథిముఖమున నాలుగడుగుల నీడ వదలుడు. ప్రభుత్వపు స్థలముపై గాక, మీ సొంత హద్దులలోనే వదలుడు. మన పూర్వుల యరుగులు కొన్ని వీథిలోనికి జొచ్చియుండుట నిజమే. ఆ తప్పును మనము మఱల జేయనక్కఱ లేదు. మీ స్థలమున మీరు వదలిన నీడ ధర్మము. వీథి నాక్రమించి కట్టిన నీడ దొంగసొత్తు.

నాలుగవది: పోషకులైన శ్రీమంతులకు. కల్యాణమండపములకును, ద్వారతోరణములకును మీరిచ్చు విరాళములు శ్లాఘ్యములు. వానిలో నొక పాలు, ఊరి కొకటి చొప్పున, ఒక్క పాత యంగడిని యథాతథముగ నిలుపుట కిండు. దాని నద్దాలపెట్టెలోని బొమ్మగ జేయకుడు. అందు నిజముగ వర్తకము నడువనిండు. చేతిఫోనుతో డబ్బు చెల్లించు నీకాలపు కొనుగోలుదారుడైనను, ఎండనబడి వచ్చి యరుగుపై గూర్చుండుటకు సంతసించునే గాని కాదనడు.

ఈ సంవత్సరము మా తమ్ముని కుమారుడు మా యంగడి ముందరి సిమెంటు గొట్టించి, రెండడుగుల వెడల్పున నరుగు మఱల గట్టించినాడు. గోడకు సున్నము పూయించినాడు. పలకలు మాత్రము పోయినవి పోయినవే. వాని నెవ్వరు దేగలరు? మొన్న నొక మధ్యాహ్నమున నేనక్కడ గూర్చుండియుండగా, తలపై మూటతో నొక వృద్ధ వచ్చి, మూట దించి, నన్నడుగకయే యరుగుపై గూర్చుండినది. ఏమియు గొనలేదు. మంచినీ రడిగి త్రాగి పోయినది. గద్దెమీది కుఱ్ఱవాడు నావంక జూచి, "ఏమీ కొనలేదు పెదనాన్నా" అనెను.

"అరుగు మనది గాదురా నాయనా" అంటిని.

సర్వే జనాః సుఖినో భవంతు.